నీలగిరి నీలిపిట్ట ఇంటిపేరు ఎన్నిసార్లు మారింది?

ఊటీ చుట్టుపక్కల కొండల మడతల్లో ఒదిగి ఉండే దట్టమైన అడవుల్లో ఒక చిన్న నీలిపిట్ట ఉంటుంది. పరిమాణంలో ఇంచుమించు పిచ్చుకంత. వీపు, రొమ్ము ముదురు నీలం, పక్కలు ఇటుక రంగు, పొట్ట మధ్యలో తెలుపు. కాళ్ళు పొడుగు, రెక్కలు, తోక పొట్టి. చెట్టు చిటారున కూర్చోదు. పొదల అడుగున, తడి ఆకుల మీద గెంతుతూ పురుగులు ఏరుకుంటుంది. తెల్లవారుజామున, మళ్ళీ చీకటి పడే వేళ పాడుతుంది. అడవిలో నడిచేవారికి పిట్ట కనబడటం అరుదు, పాట వినబడటమే ఎక్కువ.

ఈ పిట్టను శాస్త్రవేత్తలు మొదటిసారి నమోదు చేసింది 1844లో. అది ఏ కుదురుకు చెందిందో తేలింది 2017లో. మధ్యలో గడిచిన 173 ఏళ్ళలో దానికి ఒకదాని తర్వాత ఒకటిగా ఇంటిపేర్లు మారాయి. పక్షులను గుర్తించడం, వర్గీకరించడం ఒకే పని అని మనం అనుకుంటాం. ఆ రెంటి మధ్య దూరం ఎంతో ఈ ఒక్క పిట్ట చరిత్ర చూస్తే అర్థమవుతుంది.

నెల్లూరు డాక్టరు పెట్టిన పేరు

థామస్ జెర్డాన్ ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. 1836లో మన దేశానికి వచ్చాడు. కొన్నాళ్ళు నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. రోగులను చూడగా మిగిలిన కాలమంతా పక్షులు, చీమలు, పాముల వెంట తిరిగిన మనిషి. 1986లో కడప జిల్లాలో మళ్ళీ కనిపించి ప్రపంచమంతా వార్తయిన కలివికోడికి ఇంగ్లిష్‌లో ఉన్నది ఆయన పేరే. ఆయన పుస్తకాల్లో పక్షుల తెలుగు పేర్లు కూడా ఉంటాయి. మన వాళ్ళను అడిగి రాసుకున్నవి.

నీలగిరి పిట్టకు జెర్డాన్ పెట్టిన పేరు ‘ఫీనిక్యూరా మేజర్’. మొదటి మాటకు అర్థం ఎర్రతోక, రెండో మాటకు పెద్దది. కానీ ఆ పిట్ట తోక ఎరుపు కాదు, నీలం. రెడ్‌స్టార్ట్ అనే ఎర్రతోక పిట్టల గుంపుతో దీనికి పోలిక ఉందనిపించి ఆ ప్రజాతిలో చేర్చాడంతే.

శాస్త్రీయ నామం ఎలా పనిచేస్తుందో తెలుగువాళ్ళకు చెప్పడం తేలిక. ముందు ఇంటిపేరు, తర్వాత అసలు పేరు. కందుకూరి వీరేశలింగం అన్నట్టే. ఇంటిపేరు ప్రజాతిని, రెండో మాట జాతిని చెబుతాయి. దత్తత వెళ్ళిన పిల్లవాడికి ఇంటిపేరు మారినా పెట్టిన పేరు మారనట్టు, జాతిని ఒక ప్రజాతి నుంచి మరో ప్రజాతికి మార్చినప్పుడు రెండో మాట అలాగే ఉండాలి. అందుకే ‘మేజర్’ అనే మాట నేటికీ ఆ పిట్టకు అంటుకునే ఉంది. ఇంకో చిన్న ఏర్పాటు కూడా ఉంది. ప్రజాతి మారితే, మొదట వర్ణించిన వ్యక్తి పేరును, సంవత్సరాన్ని కుండలీకరణాల్లో పెడతారు. పక్షుల జాబితాల్లో (జెర్డాన్, 1844) అని కనబడితే, ఈ పిట్ట పుట్టినింటి పేరుతో లేదని అర్థం.

1868లో బ్లాన్‌ఫర్డ్ పళని కొండల నుంచి ఇలాంటిదే మరో పిట్టను వర్ణించాడు. దీనికి ఇటుక రంగు పక్కలు లేవు. నీలం, బూడిద రంగు, కింద తెల్లటి పొట్ట. పేరు ‘అల్బివెంట్రిస్’, అంటే తెల్లపొట్టది. అయితే ఇరవయ్యో శతాబ్దంలో ఈ రెంటినీ కలిపేశారు. సలీం అలీ, డిల్లన్ రిప్లీల ప్రసిద్ధ గ్రంథమాలలో ఇవి ఒకే జాతిలోని రెండు ఉపజాతులు. అప్పటికి ప్రజాతి ‘బ్రాకిప్టెరిక్స్’. అంటే పొట్టిరెక్కది. 2005లో పమేలా రాస్ముసెన్, జాన్ ఆండర్టన్ తమ దక్షిణాసియా పక్షుల పుస్తకంలో వీటిని మళ్ళీ రెండు జాతులుగా విడదీసి, ‘మయోమెలా’ అనే ఇంకో ప్రజాతిలో పెట్టారు. ఎర్రతోక పోయి పొట్టిరెక్క, పొట్టిరెక్క పోయి నీలి రాబిన్. పిట్ట మాత్రం అదే కొండ మీద, అదే పొదలో, అదే పాట పాడుకుంటూనే ఉంది.

కన్ను ఎక్కడ పొరబడుతుంది

ఇంతమంది నిపుణులు ఎందుకు పొరబడ్డారు? వాళ్ళ చేతిలో ఉన్న ఆధారం ఆకారం ఒక్కటే. మ్యూజియం సొరుగుల్లో దూది కూరి పడుకోబెట్టిన పాత పక్షి చర్మాలు, వాటి రెక్క పొడవు, ముక్కు పొడవు, రంగు. ఇవి అబద్ధం చెప్పవు. కానీ మనం అడిగే ప్రశ్నకు ఎప్పుడూ ఇవే జవాబు కావు.

చీకటి పొదల అడుగున గెంతుతూ బతకాల్సిన పిట్టకు పొడుగు కాళ్ళు, గుండ్రటి పొట్టి రెక్కలు ఉపయోగం. ఏ వంశానికి చెందిన పిట్టయినా సరే, లక్షల ఏళ్ళు అదే బతుకు బతికితే ఆ రూపానికే వస్తుంది. చేపకూ డాల్ఫిన్‌కూ పోలిక వచ్చినట్టే. అంటే రూపంలోని కొంత భాగం తాతముత్తాతల నుంచి వచ్చింది, కొంత చేసే పని నుంచి వచ్చింది. ఏది ఎందులోంచి వచ్చిందో సొరుగులోని చర్మాన్ని చూసి విడదీయడం చాలా కష్టం.

కన్ను ప్రతిసారీ పొరబడుతుందనీ కాదు. మన పెరళ్ళలో తిరిగే నల్లంచినే తీసుకోండి. మగ పిట్ట నల్లగా నిగనిగలాడుతూ, తోక ఎత్తి పట్టుకుని గోడల మీద గెంతుతుంది. దాని కంటే కాస్త పెద్దగా, నలుపు తెలుపు చారలతో, వేసవి ఉదయాల్లో ఈల వేసేది పెద్ద నల్లంచి. ఈ రెంటినీ శాస్త్రవేత్తలు చాలాకాలం వేర్వేరు ప్రజాతుల్లో ఉంచారు. డీఎన్‌ఏ పరిశీలనల తర్వాత నల్లంచిని కూడా పెద్ద నల్లంచి ఉన్న ‘కాప్సైకస్’ ప్రజాతిలోకి తెచ్చారు. నల్లంచి, పెద్ద నల్లంచి అని పేరు పెట్టిన మన పల్లెటూరి వాళ్ళు ఎప్పుడో ఒకే ఇంటిపేరు ఇచ్చేశారు! ఇది కాకతాళీయమే కావచ్చు. కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

కాబట్టి అడవిలో పిట్టను *గుర్తించడానికి* కన్ను చాలు. పక్కలు ఇటుక రంగా, బూడిద రంగా? మనం ఉన్నది ఊటీయా, కొడైకెనాలా? ఈ రెండు ప్రశ్నలతో పని అయిపోతుంది. అది ఎవరి బంధువో, ఎన్ని జాతులో *వర్గీకరించడానికి* మాత్రం కన్నుతో పాటు మరికొన్ని సాక్ష్యాలు కావాలి.

చెవి సాక్ష్యం

ప్రపంచంలో ఉన్న దాదాపు 11 వేల పక్షి జాతుల్లో ఇంచుమించు సగం పాటల పిట్టలే. వీటి గొంతు మన గొంతులా పనిచేయదు. మన స్వరపేటిక శ్వాసనాళానికి పైన ఉంటే, పక్షుల శబ్దిని అడుగున, శ్వాసనాళం రెండుగా చీలే చోట ఉంటుంది. రెండు కొమ్మల్లోనూ పొరలు విడివిడిగా కంపించగలవు. అందుకే కొన్ని పిట్టలు ఒకేసారి రెండు స్వరాలు పలుకుతాయి. ఒక గొంతులో జంటస్వరం అన్నమాట.

ఈ పాటను పరిశోధకులు చెవితో పోల్చరు. రికార్డు చేసి స్పెక్ట్రోగ్రామ్ గీస్తారు. ఎడమ నుంచి కుడికి కాలం, కింద నుంచి పైకి పౌనఃపున్యం, శక్తి ఎక్కువున్న చోట మచ్చ ముదురుగా. ఫిజిక్స్ చదువుకున్న నాకు మొదటిసారి పక్షిపాట స్పెక్ట్రోగ్రామ్ చూసినప్పుడు సంగీతం కంటే చేతిరాత గుర్తొచ్చింది. ఈల సన్నటి గీతలా, గరగర శబ్దం దగ్గర దగ్గరగా ఉన్న నిలువు గీతల్లా, కిందికి జారే స్వరం వాలుగీతలా కనబడుతుంది. ఒక్కో స్వరం ఎంతసేపు సాగింది, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, సెకనుకు ఎన్ని స్వరాలు, ఒకే స్వరం ఎన్నిసార్లు తిరిగి వచ్చింది అన్నవి అంకెల్లోకి వస్తాయి. ఒక కొండ మీది పాటలను ఇంకో కొండ మీది పాటలతో లెక్కలు కట్టి పోల్చవచ్చు.

పాట ఎందుకంత ముఖ్యం? మగపిట్ట పాటతోనే హద్దు చాటుకుంటుంది, జతను పిలుస్తుంది. ఇటు పాట అటు పిట్టకు అర్థం కాకపోతే, రెండు గుంపులూ ఎదురుపడినా జతకట్టే అవకాశం తక్కువ. అయితే ఒక చిక్కుంది. పాటల పిట్టలు పాటను పుట్టుకతో తెచ్చుకోవు, పెద్దల దగ్గర విని నేర్చుకుంటాయి. గోదావరి యాస, రాయలసీమ యాస ఉన్నట్టు వాటికీ యాసలుంటాయి. యాస వేరైనంత మాత్రాన భాష వేరు కాదు. అందుకని పాటను ఒక్కదాన్నే నమ్మి తీర్పు చెప్పకూడదు.

రక్తపు చుక్కలో వంశవృక్షం

మిగిలింది డీఎన్‌ఏ. ఇందుకు పిట్టను చంపనక్కరలేదు. అటవీశాఖ అనుమతి తీసుకుని, కంటికి ఆనని సన్నని వలలను పొదల మధ్య నిలువుగా కడతారు. పిట్ట పడగానే జాగ్రత్తగా విడదీసి, రెక్క, కాలు, ముక్కు కొలుస్తారు. రెక్క కింది నరం నుంచి ఒక చిన్న రక్తపు చుక్క తీసుకుని వదిలేస్తారు. ఆ చుక్క సరిపోవడానికి ఒక కారణం ఉంది. మన ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు, పక్షుల ఎర్ర రక్తకణాల్లో ఉంటుంది. అందుకే పిట్ట రక్తం ఒక్క చుక్కలో బోలెడంత డీఎన్‌ఏ దొరుకుతుంది.

దాన్ని చదివి వంశం ఎలా కడతారు? తాళపత్రాల సంగతి తలచుకుంటే సులువు. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను కూర్చోబెట్టి ఒకే కావ్యం ప్రతులు ఎన్నో తెప్పించి పోల్చి చూయించాడు. నకలు రాసేవాడు ఒకచోట అక్షరం తప్పు రాస్తే, ఆ ప్రతిని చూసి రాసిన వాళ్ళందరికీ ఆ తప్పు వస్తుంది. ఒకే తప్పులున్న ప్రతులు ఒకే తల్లి ప్రతి పిల్లలు. డీఎన్‌ఏ కూడా తరతరానికీ నకలవుతూ, అప్పుడప్పుడూ అక్షరం తప్పుతూ వస్తుంది. ఏ తప్పులు ఎవరెవరికి ఉమ్మడిగా ఉన్నాయో చూస్తే ఎవరు ఎవరి నుంచి ఎప్పుడు చీలారో అంచనాకు వస్తుంది.

ఇక్కడా ఒక మెలిక. కణంలోని మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచే బిడ్డకు వస్తుంది. అది చెప్పేది అమ్మమ్మల కథ ఒక్కటే. అందుకే కేంద్రకంలోని జన్యువులనూ చదివి, రెండు కథలూ కలుస్తున్నాయా అని చూడాలి.

2017లో ఏం తేలింది

వి.వి. రాబిన్ ఈ పిట్టల వెంట ఏళ్ళ తరబడి పశ్చిమ కనుమలు ఎక్కి దిగిన శాస్త్రవేత్త. ఇప్పుడు తిరుపతిలోని ఐసర్‌లో పనిచేస్తున్నారు. ఆయన, సి.కె. విష్ణుదాస్, పూజా గుప్తా, ఉమా రామకృష్ణన్, సుష్మా రెడ్డి, ఇతర సహచరులు కలిసి జన్యువులు, కొలతలు, రంగులు, పాటలు అన్నీ కలిపి చూశారు. హిమాలయాల్లోనూ ఆగ్నేయాసియాలోనూ ఉన్న బంధువర్గాల డీఎన్‌ఏతోనూ పోల్చారు. ఫలితం 2017లో అచ్చయింది.

మన నీలిపిట్ట రెడ్‌స్టార్ట్ కాదు, పొట్టిరెక్క గుంపూ కాదు, నీలి రాబిన్ కూడా కాదు. దాని దగ్గరి చుట్టాలు నిల్టావాలు, సయోర్నిస్ ప్రజాతి ఫ్లైక్యాచర్లు. అంటే కొమ్మ మీద నిటారుగా కూర్చుని గాల్లో ఎగిరే పురుగును పట్టే పిట్టల వర్గం. శేషాచలం అడవుల్లో కనిపించే టికెల్స్ బ్లూ ఫ్లైక్యాచర్ ఈ బంధువుల్లో ఒకటి. అది కొమ్మ దిగదు, ఇది నేల విడవదు. చూపుకు ఎక్కడా పొంతన లేదు!

ఉన్న ప్రజాతుల్లో ఏదీ సరిపోలేదు కాబట్టి కొత్త ప్రజాతి కట్టాల్సి వచ్చింది. పేరు ‘షోలికోలా’. తమిళంలో సోలై అంటే తోపు, వనం. దాని నుంచే ఈ కొండ అడవులకు షోలా అనే పేరు వచ్చింది. లాటిన్‌లో ‘కోలా’ అంటే నివసించేది. షోలావాసి అన్నమాట. వాడుక పేరు షోలాకిలి. మలయాళంలో కిలి అంటే పిట్ట. మన చిలుకకు తోబుట్టువైన మాట. ఇదే పరిశోధనలో ఆ కొండల్లోని నాలుగు నవ్వుపిట్టల జాతులకూ ‘మాంటెసింక్లా’ అనే వేరే ప్రజాతి ఏర్పడింది.

ఇక ఎన్ని జాతులు? మూడు. శబరిమల వెళ్ళేవాళ్ళలో చాలామంది చూసే ఉంటారు. రైలు కోయంబత్తూరు దాటి పాలక్కాడ్ వైపు వెళుతుంటే రెండు పక్కలా కొండలు దూరంగా జరిగిపోయి, మధ్యలో నేల చదునుగా పరుచుకుంటుంది. అదే పాలక్కాడ్ కనుమ. 30 నుంచి 40 కిలోమీటర్ల వెడల్పు. మనకది గాలి తగిలే కిటికీ. చల్లటి కొండ అడవిని వదిలి బతకలేని, దూరాలు ఎగరలేని పొట్టి రెక్కల పిట్టకు మాత్రం సముద్రమే. ఆ ఎత్తైన కొండలను ఆకాశ ద్వీపాలు అని పిలవడం ఊరికే కాదు. కనుమకు ఉత్తరాన, నీలగిరి నుంచి కర్ణాటకలోని బాబా బుడన్ గిరి వరకు ఉన్నది నీలగిరి షోలాకిలి, అంటే షోలికోలా మేజర్. దక్షిణాన అన్నామలై, పళని కొండల్లో ఉన్నది తెల్లపొట్ట షోలాకిలి. ఇంకా దక్షిణంగా వెళితే సెంగోట్టై దగ్గర మరో కనుమ వస్తుంది. ఇది పాలక్కాడ్ కంటే చాలా ఇరుకు. దాని అవతల అగస్త్యమలై కొండల్లో ఉన్న పిట్టను అంతవరకు తెల్లపొట్టదిగానే లెక్కించేవారు. అది వేరని తేలింది. కొత్త పేరు షోలికోలా అషంబుయెన్సిస్. రంగులో తెల్లపొట్ట దానికి చాలా దగ్గర. పక్షుల పుస్తకం చేతిలో పెట్టుకుని బొమ్మ చూసి విడదీయడం కష్టం. ఇక్కడ గుర్తించడానికి కూడా కన్ను చాలదు. ఏ కొండ మీద ఉన్నామన్నదే అసలు గుర్తు.

వేరు జాతి అనడానికి కొలబద్ద ఏమిటి

బడిలో చదువుకున్న నిర్వచనం మీకు గుర్తుండే ఉంటుంది. తమలో తాము జతకట్టి, సంతానం కనగలిగేవి ఒకే జాతి. ఎర్నెస్ట్ మేయర్ 1942లో చెప్పిన ఈ మాట చాలాచోట్ల బాగానే పనిచేస్తుంది. కానీ నీలగిరి పిట్ట, పళని పిట్ట ఎన్నడూ ఎదురుపడవు. ఎదురుపడితే జతకడతాయా అన్నది ప్రకృతి పెట్టని పరీక్ష. ఒకదాని పాటను ఇంకోదానికి స్పీకర్లో వినిపించి, అది పోటీకి వస్తుందా, పట్టించుకోదా అని పరిశోధకులు చూస్తుంటారు. అది కూడా సూచనే, రుజువు కాదు.

అందువల్ల ఇలాంటి చోట్ల జాతి అనేది ఒక ప్రతిపాదన. డీఎన్‌ఏ ఒకటి, రంగు ఒకటి, పాట ఒకటి, కొలత ఒకటి. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఈ సాక్షులు ఒకే గీత దగ్గర వేలు పెడితే అక్కడ హద్దు ఉందని ఒప్పుకుంటాం. ఫిజిక్స్‌లో ఒకే రాశిని వేర్వేరు పద్ధతుల్లో కొలిచి ఒకే విలువ వస్తే నమ్మినట్టే. నా మట్టుకు, ఇటుక రంగు ఒక్కటే చూసి విడదీసిన 1868 నాటి తీర్పు, దాన్ని కొట్టేసి కలిపేసిన తర్వాతి తీర్పు, రెండూ ఒకే రకం బలహీనత ఉన్నవి. ఒక్క సాక్షి మీద నడిచినవి. మొదటిది సరైనదిగా తేలడం కొంత అదృష్టం.

లెక్క మారితే ముప్పు మారుతుంది

ఇదంతా పేర్ల గొడవేనా అని ఎవరైనా అడగవచ్చు. ఒకే జాతి అనుకున్నంత కాలం, నీలగిరిలో అడవి పోయినా పళనిలో పిట్ట ఉందిగా అనే ధీమా ఉంటుంది. మూడు జాతులని తేలాక ఆ ధీమాకు చోటు లేదు. ప్రతిదానికీ ఉన్నది కొన్ని కొండలే. అవి పోతే తెచ్చి నింపడానికి ఇంకో చోట అదే పిట్ట లేదు. అంతర్జాతీయ ఎర్ర జాబితాలో నీలగిరి షోలాకిలి అంతరించే ముప్పున్న జాతుల వరుసలో ఉంది.

ఆ కొండల మీద బ్రిటిష్ కాలం నుంచి తేయాకు తోటలు, నీలగిరి చెట్లు, తుమ్మ జాతికి చెందిన వాటిల్ తోటలు పరుచుకున్నాయి. రోడ్డు మీంచి చూస్తే అంతా పచ్చగానే ఉంటుంది. తేయాకు తోట పచ్చదనం మనకు ఫొటోల్లో ముచ్చటే. షోలా చీకటిలో పుట్టిన పిట్టకు అది దాటలేని ఎండ మైదానం. ప్రకృతి ఎంతో పూర్వం వేసిన కనుమల మధ్య, మనం గత రెండు శతాబ్దాల్లో కొత్త కనుమలు తవ్వినట్టయింది.

వాటి జాడ పాటలో కూడా కనబడుతోంది. చేతనా పురుషోత్తం, రాబిన్ 2016లో ప్రచురించిన పరిశోధనలో ప్రాచీన కనుమల వల్ల విడిపోయిన గుంపుల పాటలనూ, ఇటీవలి అడవుల నరికివేత వల్ల విడిపోయిన గుంపుల పాటలనూ పరిశీలించారు. రెండు రకాల ఎడబాటూ పాటలో వేర్వేరు లక్షణాలను మార్చిందని తేలింది. పిల్ల పిట్ట విని నేర్చుకోవాలంటే చుట్టూ పాడే పెద్దలు ఉండాలి కదా. అడవి తునకలై, ఒక్కో తునకలో కొద్ది పిట్టలే మిగిలితే నేర్చుకోవడానికి దొరికే పాటే వేరవుతుంది. జన్యువుల్లో తేడా రావడానికి చాలా తరాలు కావాలి, పాట అంతకాలం ఆగదు.

వేసవిలో ఊటీకో కొడైకెనాల్‌కో వెళ్ళే తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు. తెల్లవారకముందే లేచి, షోలా అంచున, బాట మీదే నిలబడి వినండి. పొదల్లోంచి సన్నటి ఈలలు, మధ్యమధ్య గరగరలు వినబడితే ఫోన్లో రికార్డు చేసుకోండి. ఫోన్లో ఉన్న పాటను మాత్రం తిరిగి వినిపించవద్దు. తన హద్దులోకి ఇంకొకడు వచ్చాడనుకుని పిట్ట గూడు వదిలి పోరాటానికి దిగుతుంది. రికార్డుతో పాటు తేదీ, సమయం, ఊరు, కొండ పేరు రాసి పెట్టుకోండి. ఏ కొండ అన్నది రాయని రికార్డు ఈ మూడు పిట్టల విషయంలో పరిశోధకులకు పెద్దగా పనికిరాదు.